సణగని గొంతు

గోడలోంచి నూకరత్నం గొంతు నలభై నిమిషాలుగా సణుగుతూనే ఉంది.

"ఈ భుజం చూడండి, చెయ్యి పైకెత్తితే కలుక్కుమంటాది. కరెంటు పెట్టినచోట తోలు కమిలిపోయింది, పదేళ్ళయినా ఆ నలుపు పూర్తిగా పోలేదు. వ్యాయామాలని ఒకమ్మాయిని పంపించారు, గోడమీద వేళ్ళతో పాకమనేది. నేనేమన్నా బల్లినా? సరే, అదలా ఉంచండి. ఈ కాజాలు కుట్టే పిల్లకి ఎన్నిసార్లు చెప్పాలండి, హుక్కుకీ హుక్కుకీ మధ్య రెండు వేళ్ళు వదలమని? మా కోడలు పెట్టే చారులో ఉప్పుండదు. అడిగితే బీపీ అంటాది. బీపీ ఎవరికి, నాకా, చారుకా?"

గోడకి ఇవతల, కుర్చీలో, అసలు నూకరత్నం నోరు మూసుకుని వింటోంది. పక్కన కోడలు హర్షిత తల వంచుకుని నవ్వాపుకుంటోంది. ఎదురుగా బల్ల దగ్గర డాక్టర్ తన్మయి తెరమీద అంకెలు చూస్తోంది. గోడ ఒక్కో ఫిర్యాదు చేసినప్పుడల్లా తెరమీద ఒక్కో మార్కు పెరుగుతోంది.

ఇది దెయ్యం కథ కాదు, కంగారు పడకండి. మనం రెండువేల యాభై ఆరులో, కాకినాడలో ఉన్నాం. సముద్రం రోడ్డు మింగేసిందని ఊరిని ఒక మైలు వెనక్కి జరిపాక, మిగిలిన కట్టమీద కట్టిన కాన్సర్ పరిశోధనాలయం ఇది. మాట్లాడుతున్నది పదేళ్ళ తర్వాతి నూకరత్నం. అంటే, అలాంటిదే ఒకటి. ఆ యంత్రానికి కాగితాలమీద రెండు గజాల పేరుంది. ఊళ్ళో అందరూ "మారుమనిషి" అంటారు, మనమూ అలాగే అందాం.

నూకరత్నానికి అరవై తొమ్మిదేళ్ళు. జగన్నాథపురంలో నలభై ఏళ్ళుగా జాకెట్లు కుడుతోంది. గుడ్డముక్కని పదినిమిషాల్లో జాకెట్టుగా అచ్చుగుద్దే యంత్రాలు వచ్చి ఇరవయ్యేళ్ళయింది. అయినా ఆవిడ కొట్టు ముందు ఆడవాళ్ళు నిలబడే ఉంటారు. ఎందుకంటే ఏ ఆడమనిషికీ రెండు పక్కలా ఒకే కొలత ఉండదని ఆవిడకి తెలుసు, ఆ యంత్రాలకి తెలియదు. ఆవిడ నోటి సంగతి తెలిసిన వాళ్ళు మాత్రం కొలతలిచ్చేసి గబగబా ఇంటికి పోతారు.

రెండు నెలల కిందట స్నానం చేస్తుంటే ఆవిడ కుడి రొమ్ములో శనగగింజంత గట్టిగా వేలికి తగిలింది. పరీక్షల్లో కాన్సరని తేలింది. మొదట్లోనే దొరికింది. ఆపరేషన్ చేసి ఆ గింజనీ, దాని చుట్టూ కొంచెం మంచి కండనీ తీసేశారు. అంచులు శుభ్రంగా ఉన్నాయన్నారు. చంకలో గ్రంథులకి పాకలేదన్నారు. ఇక రోజుకో మాత్ర, అయిదేళ్ళు. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా రేడియేషన్ దగ్గరొచ్చింది. మనవాళ్ళు దాన్ని "కరెంటు పెట్టడం" అంటారు. మా తాతల కాలంలో అనేవారు, ఇప్పుడూ అంటున్నారు. కత్తికి దొరక్కుండా ఎక్కడైనా ఒక కణం దాక్కుని ఉంటే దాన్ని కిరణాలతో చంపడానికి అది. పెట్టించుకోవాలా, అక్కర్లేదా? ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు మంచివాడే, దాచకుండా చెప్పాడు.

"మీ వయసులో, మీ లాంటి గడ్డే వచ్చి, మాత్రలు వేసుకుంటూ, కరెంటు మానేసిన వందమందిని తీసుకుంటే, పదేళ్ళలో ఓ పదిమందికి అదే రొమ్ములో మళ్ళీ రావచ్చమ్మా. పెట్టించుకుంటే ఆ పదిమంది ఒకరో ఇద్దరో అవుతారు. ఆయుష్షులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కరెంటుకి మూడు వారాలు రోజూ రావాలి, నీరసం వస్తుంది, తోలు కములుతుంది, కొందరికి భుజం బిగుస్తుంది. రెండిట్లో ఏదీ తప్పు కాదు. మీరే ఆలోచించుకుని చెప్పండి."

"నేను ఆ పదిమందిలోనా, తొంభైమందిలోనా అండి?" అని అడిగింది నూకరత్నం.

"అది ఎవరూ చెప్పలేరమ్మా."

"వందమంది కొలతలు కలిపి నాకు జాకెట్టు కుడతానంటే ఎలాగండి? నా కొలత చెప్పండి."

ఆయన ఆవిణ్ణి తన్మయి దగ్గరికి పంపించాడు.

ఆవిడ ఎందుకంత పట్టుపట్టిందో అర్థం చేసుకోవాలి. కుడి భుజం బిగిస్తే కత్తెర కదలదు. కత్తెర కదలకపోతే నూకరత్నం ఎవరు? ఇంట్లో ఓ మూల మంచమ్మీద కూర్చునే ఒక ముసలావిడ. అది ఆవిడ తలుచుకోలేకపోయింది. మరోవైపు, రోజూ స్నానాలగదిలో వేళ్ళు వాటంతటవే ఆ పక్కకి పోతున్నాయి. ఉందా? లేదా? ఇది మచ్చేనా, ఇంకేమైనా? పదేళ్ళు ఇలా తడుముకుంటూ బతకాలంటే ఆవిడకి భయమేసింది. ఎటూ తేలక మనిషి సగమైపోయింది.

తన్మయికి నలభై రెండేళ్ళు. ఎన్నో ఇళ్ళల్లో ఇలాంటి ఆడవాళ్ళు ఎటూ తేల్చుకోలేక నలిగిపోవడం చూసి, తొమ్మిదేళ్ళు కష్టపడి ఈ మారుమనిషిని తయారుచేసింది. అది ఎలా పనిచేస్తుందో చెబుతాను, కష్టమేం కాదు.

ఆపరేషన్‌లో తీసిన కండలోంచి చిటికెడు తీసుకుని రెండు గాజుపళ్ళేల్లో పెంచుతారు. ఒక పళ్ళేనికి కిరణాలు పెడతారు, ఒకదానికి పెట్టరు. ఏదో వేడి, ఏవో రసాయనాలు ఇచ్చి కాలాన్ని తరుముతారు. అక్కడ ఒక రోజంటే ఒంట్లో ఒక ఏడాది. పదిరోజులకి పదేళ్ళవుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది, కానీ ఆ పళ్ళేల్లో ఏం జరిగిందో చూసి చెప్పడం ఏ డాక్టరు వల్లా కాలేదు. కోట్ల కణాలు, కోట్ల సంకేతాలు. ఒకటి పొంగుతుంది, ఒకటి అణుగుతుంది, చూసే కంటికి అంతా మసకే.

అప్పుడు తన్మయికి ఒక ఉపాయం తట్టింది. "కణాల భాష మనకి రాకపోతే వాటికి నోరు పెడదాం" అంది. రోగి అయిదేళ్ళ ఫోను మాటలు, ఆవిడ ఆరోగ్యం కాగితాలు, మెడలో వేసుకునే చిన్న మైకుతో పదిహేను రోజుల ఇంటి మాటలు, అన్నీ యంత్రానికి ఇచ్చారు. ఈ మనిషికి జ్వరమొస్తే ఎలా మాట్లాడుతుంది, మోకాలు నొప్పెడితే ఏమంటుంది, కులాసాగా ఉంటే ఏమంటుంది, అది నేర్చుకుంటుంది. తర్వాత పళ్ళేల్లోని పదేళ్ళ సంకేతాలు అందిస్తే, అలాంటి ఒళ్ళున్న ఆ మనిషి ఎలా మాట్లాడుతుందో అలా మాట్లాడుతుంది. ఇద్దరు మారుమనుషులు: కరెంటు పెట్టించుకున్న మనిషి, పెట్టించుకోని మనిషి. ఇద్దరినీ ఎలా ఉన్నారని అడగడమే. ఎవరు ఎక్కువ బాధలు చెబితే వాళ్ళకి ఎక్కువ మార్కులు. తక్కువ మార్కులొచ్చిన దారి మంచి దారి.

ఇంత చక్కటి ఆలోచనలో తప్పెక్కడుందో మీరు చెప్పగలరా? రెండేళ్ళుగా రెండువందల పన్నెండుమంది ఆ కుర్చీలో కూర్చుని లేచారు. వాళ్ళెవరూ చెప్పలేకపోయారు.

గోడలో మొదటి మారుమనిషి చివరికి చారు నుంచి వార్తల దాకా అందరినీ దులిపేసి అలిసిపోయింది. తన్మయి మీట నొక్కింది.

"కరెంటు పెట్టించుకున్న దారి. నలభై మూడు ఫిర్యాదులు" అంది.

"తక్కువే చెప్పానండి" అంది నూకరత్నం. "మోకాళ్ళ సంగతి మరిచిపోయాను."

హర్షిత ఈసారి గట్టిగా నవ్వేసింది. తన్మయి కూడా నవ్వింది. నవ్వుతూనే రెండో మీట నొక్కింది. రెండు క్షణాలు ఏమీ వినబడలేదు.

"ఎలా ఉన్నారమ్మా?" అని గోడని అడిగింది తన్మయి.

"నాకేం తల్లీ, రాయిలా ఉన్నాను."

"భుజం ఎలా ఉంది?"

"బాగుందమ్మా."

"నిద్ర పడుతోందా?"

"హాయిగా పడుతోంది."

"ఇబ్బందులేమైనా ఉంటే చెప్పండి."

"ఏం లేవమ్మా. అందరూ చక్కగా చూసుకుంటున్నారు. మీరంతా బాగుండాలి."

మూడు నిమిషాల్లో అయిపోయింది. తెరమీద సున్నా. తన్మయి మొహం విప్పారింది. ఆవిడ లేచి వచ్చి నూకరత్నం చెయ్యి పట్టుకుంది.

"మీరు అదృష్టవంతులమ్మా. ఇంత తేడా చాలా తక్కువమందికి వస్తుంది. ఒకవైపు నలభై మూడు, ఒకవైపు సున్నా. మీకు కరెంటు అక్కర్లేదు. మీ భుజానికి వచ్చిన భయం లేదు. హాయిగా వెళ్ళి జాకెట్లు కుట్టుకోండి."

నూకరత్నం గోడవైపే చూస్తోంది. హర్షిత నవ్వు కూడా ఎప్పుడో ఆగిపోయింది.

"డాట్రుగారూ, దాన్ని నేను అడగొచ్చా?" అంది నూకరత్నం.

"అడగండి. మీ గొంతుతో మీరే మాట్లాడుకోవడం మొదట కొంచెం వింతగా ఉంటుంది."

నూకరత్నం కుర్చీ ముందుకి జరుపుకుంది.

"భోంచేశావా?"

"చేశాను" అంది గోడ.

"ఏం కూర?"

"ఏదో కూర. బాగుంది."

నూకరత్నం గోడవైపు ఇంకాస్త వంగింది. ఏ కూరలో ఏం తక్కువైందో చెప్పకుండా భోజనం ముగించిన రోజు ఆవిడ జీవితంలో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

"కాజాల పిల్ల ఎలా కుడతా ఉంది?"

"బాగానే కుడతాంది, పాపం. చిన్నపిల్ల, నేర్చుకుంటాది."

"హర్షిత?"

"బంగారంలాంటి పిల్ల. నా కూతురున్నా ఇంత చూసుకునేది కాదు."

హర్షిత ఒక్కసారిగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన్మయి ఆవిడవైపు ఆశ్చర్యంగా చూసింది. "అత్తగారు మెచ్చుకుంటే ఏడుస్తారేంటండీ?"

"అత్తయ్య అలా అనరండీ" అంది హర్షిత ఏడుస్తూ. "పెళ్ళై ఇరవయ్యేళ్ళయింది. ఎప్పుడూ అనలేదు. ఆపెయ్యండి దాన్ని, నాకు భయంగా ఉంది."

నూకరత్నం తనే చెయ్యి చాచి మీట నొక్కేసింది.

"గోడలో ఆవిడకి ఒంట్లో బాగోలేదండి" అంది.

"అదేంటమ్మా! ఒక్క ఫిర్యాదు కూడా చెయ్యలేదు కదా?"

"అదేనండి చెబుతున్నది."

తన్మయికి అర్థం కాలేదు. పెద్ద చదువులు చదివిన వాళ్ళకి కొన్ని ఆలస్యంగా అర్థమవుతాయి, ఆవిణ్ణి తప్పుపట్టక్కర్లేదు. హర్షితే కళ్ళు తుడుచుకుని చెప్పింది.

"గడ్డ చేతికి తగిలాక మాకెవరికీ చెప్పకుండా అత్తయ్య పన్నెండు రోజులు దాచారండి. ఆ పన్నెండు రోజులూ నన్ను ఒక్కమాట అనలేదు. చారు బాగుందన్నారు. నాకు నడుం నొప్పిగా ఉందంటే నన్ను పడుకోబెట్టి అంట్లు తనే తోమారు. ఎవరు ఫోన్ చేసి ఎలా ఉన్నారన్నా, నాకేం రాయిలా ఉన్నాను అనేవారు. నేను పిచ్చిదాన్నండీ, మా అమ్మకి ఫోన్ చేసి, అత్తయ్య మారిపోయారే, నా రోజులు బాగున్నాయి అని సంబరపడ్డాను."

"మా ఆయన పోయినప్పుడూ అంతే" అంది నూకరత్నం. "ఏడాదిపాటు కొట్టుకొచ్చిన వాళ్ళెవరినీ తిట్టలేదు. చిన్న బాధైతే నోటితో అంటామండి. అంటే తగ్గుతాది. పెద్దదైతే అనం. అంటే నిజమైపోతాది కదండీ."

"కానీ అమ్మా, యంత్రం అబద్ధం చెప్పదు."

"చెప్పలేదండి. అది నన్ను ఉన్నదున్నట్టు నేర్చుకుంది. అబద్ధమాడింది నేను, అది కాదు."

తన్మయి బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఏదో ఒకటి నొక్కుతూ, ఏదో ఒకటి తెరుస్తూ రెండు నిమిషాలు గడిపింది. చెవులు ఎర్రబడ్డాయి. తొమ్మిదేళ్ళ పని గురించి ఒక దర్జీ ఇంత తేలిగ్గా మాట్లాడితే ఎవరికైనా కోపం వస్తుంది.

"మీ ఒక్కరి అలవాటు పట్టుకుని అలా అనకూడదమ్మా. దీని మాట విని కరెంటు మానేసిన వాళ్ళు నూట ఎనభైమంది ఉన్నారు. మేం గాలికి వదిలెయ్యలేదు. మూడునెలలకోసారి అందరికీ ఫోన్ చేస్తాం, ఎలా ఉన్నారని అడుగుతాం."

"ఏమంటున్నారండి?"

"బాగానే..." అని తన్మయి ఆగిపోయింది.

నూకరత్నం ఇంకోమాట అని ఉంటే తన్మయి వాదించేదేమో. ఆవిడ అనలేదు. వింటూ ఊరుకుంది.

"ఏడాదికోసారి వచ్చి రొమ్ముకి ఎక్స్‌రే ఫొటో తీయించుకోమని చెబుతున్నాం" అంది తన్మయి, గొంతు తగ్గించి. "చాలామంది రావట్లేదు. బాగానే ఉన్నాం కదండీ, ఎందుకంటున్నారు. మేం కూడా పోనీలే అనుకున్నాం."

"అందరికన్నా ముందు ఈ కుర్చీలో కూర్చున్నది ఎవరండి?"

"మా అమ్మ."

"ఆవిడకీ ఈ జబ్బేనా?"

"ఇదే. రెండేళ్ళయింది. మీకన్నా ఒక ఏడాది పెద్ద. యంత్రం కొత్తది, ఇంకెవరినీ కూర్చోబెట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు, అమ్మే నన్ను కూర్చోబెట్టవే అంది. కరెంటు లేని దారికి ఒక్క మార్కు కూడా రాలేదు. ఆ రోజు నేను ఆనందంతో ఏడ్చాను. అమ్మ గొంతు నాతో ఏమందో తెలుసా? నాకేమే, నేను బాగున్నాను, నువ్వు తిన్నావా, అంది."

చెప్పి, తను చెప్పిన మాట తనే విన్నట్టుగా తన్మయి తలెత్తి చూసింది.

"అమ్మగారు సణుగుతారాండి మామూలుగా?" అని నూకరత్నం మెల్లగా అడిగింది.

"అబ్బో! లెక్కల టీచరు. పాలవాడి దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ దాకా ఎవరినీ వదలదు. నా జుట్టు, నా నడక, నేను అన్నం తినే తీరు, అన్నిట్లోనూ తప్పులు తీస్తుంది."

"ఈమధ్య?"

తన్మయి నవ్వబోయి ఆగింది.

"ఈమధ్య ధ్యానం క్లాసుల్లో చేరింది. చాలా శాంతంగా ఉంటోంది. మా ఇంట్లో అందరం అదే అనుకుంటున్నాం, అమ్మ ఎంత మారిపోయిందో అని. రెండు నెలలైంది నన్ను ఒక్క మాట..."

హర్షిత లేచి కుండలోంచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. తన్మయి ఆ గ్లాసు పట్టుకుందే గానీ తాగలేదు.

"కాకపోవచ్చమ్మా" అంది నూకరత్నం. ఇంతసేపూ డాట్రుగారూ అన్న మనిషి ఇప్పుడు అమ్మా అంది. "ధ్యానంతో కూడా మనుషులు మారతారు. నా మాటేదో నిజమని పట్టుకోకండి. నేను జాకెట్లు కుట్టేదాన్ని, నాకేం తెలుసు. ఆ పదిమందిలో ఉన్నానో, తొంభైమందిలో ఉన్నానో నాకిప్పటికీ తెలీదు. అందరూ కరెంటు పెట్టించుకోవాలనీ అనట్లేదు. పెద్ద డాక్టరుగారు ఏదీ తప్పు కాదన్నారు, అది నిజమే అయ్యుంటాది."

"మరి మీరు ఏం చేస్తారు?"

"నాకు భయంగా ఉందండి" అంది నూకరత్నం. అంత సూటిగా ఆ మాట ఆవిడ నోట హర్షిత ఎప్పుడూ వినలేదు. "ఆ గొంతు విన్నాక కరెంటు లేకుండా ఇంటికి పోలేను. రోజూ నా నోరు నేనే కనిపెట్టుకుంటూ బతకాలి. ఇవాళ కూర బాగుందన్నానేంటి, ఒంట్లో ఏమైనా ఉందా అని. అలా బతకలేను. భుజం పట్టేస్తే పట్టేస్తాది. గోడమీద పాకమంటే పాకుతాను. కాగితం ఇవ్వండి."

తన్మయి కాగితం ఇచ్చింది. నూకరత్నం సంతకం చేసింది. ఎడమచేతి వేళ్ళు కాగితం అంచుని గుడ్డని సర్దినట్టు సర్దుతూనే ఉన్నాయి. తర్వాత కోడలి భుజం పట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఇంటికెళ్ళి అమ్మగారిని ఎలా ఉన్నావని అడక్కండి" అంది. "చెయ్యేసి చూడండి."

వాళ్ళు వెళ్ళాక తన్మయి తన కింద పనిచేసే వాళ్ళని పిలిచింది. యంత్రం ఆపెయ్యమంది. కరెంటు మానేసిన నూట ఎనభైమందికీ ఇవాళే ఫోన్లు చెయ్యమంది. ఎలా ఉన్నారని ఒక్కరిని కూడా అడగొద్దంది. వాళ్ళు మొహాలు చూసుకున్నారు.

"మరేం అడగమంటారు మేడమ్?"

"ఇంట్లో ఎవరిమీద కోపంగా ఉందో అడగండి. ఎవరిమీదా లేదు, అందరూ మంచివాళ్ళే అన్నవాళ్ళని ముందు పిలిపించి ఫొటోలు తీయించండి."

మేడమ్‌కి ఎండదెబ్బ తగిలిందనుకున్నారు వాళ్ళు. అయినా ఫోన్లు చేశారు. మధ్యాహ్నానికల్లా అరవైమూడు ఇళ్ళల్లో ఎవరిమీదా కోపం లేదని తేలింది. ఆ జాబితాలో మొదటి పేరు హైమ. తన్మయి వాళ్ళమ్మ.

తన్మయి ఇంటికి వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. హైమ హాల్లో ఫ్యాను కింద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. కూతుర్ని చూసి నవ్వింది.

"ఇంత ఎండలో వచ్చావేమిటే? ఇప్పుడే మీ వాళ్ళెవరో ఫోన్ చేసి ఎవరిమీద కోపంగా ఉందని అడిగారు. నవ్వొచ్చింది. నాకెవరిమీద కోపం ఉంటుంది?"

తన్మయి జుట్టు పొద్దున్న దువ్వింది దువ్వినట్టు లేదు, చెప్పులు వీధిగుమ్మంలో ఒకటి అటు, ఒకటి ఇటు పడున్నాయి. మూడు నెలల కిందటైతే ఆ రెండిటికీ చెరో పావుగంట తిట్లు పడేవి. హైమ చూసింది. చూసి మళ్ళీ ఉల్లిపాయలు ఒలుచుకుంది.

తన్మయి వెళ్ళి పక్కన కూర్చుంది. ఎలా ఉన్నావని అడగలేదు.

"అమ్మా, లోపలికి రా. జాకెట్టు విప్పు."

"ఇదేమిటే, పట్టపగలు!"

"రామ్మా."

హైమ కూతురి మొహం చూసింది. చేతిలో ఉల్లిపాయ పళ్ళెంలో పెట్టింది. ఇంకేమీ అనకుండా లేచి గదిలోకి నడిచింది. ఆ నడిచిన తీరులోనే తన్మయికి సగం తెలిసిపోయింది.

తన్మయి వేళ్ళకి వెతకాల్సిన పని పడలేదు. పాత మచ్చకి కొంచెం కిందుగా, రేగిపండు గింజంత, గట్టిగా, కదలకుండా ఉంది. ఆవిడ వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఎన్ని వందలమందికి చూసి ఉంటుంది అలా, ఇప్పుడు మాత్రం చెయ్యి తీయలేకపోయింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"తొమ్మిది వారాలు."

"తొమ్మిది వారాలు!" తన్మయి అరిచింది. "నేను ఈ ఇంట్లోనే ఉన్నాను కదమ్మా! రోజూ నీ ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాను కదా! ఎందుకు చెప్పలేదు? అప్పుడే చెబితే..."

"అరవకే. నాకు తెలుసు." హైమ జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం మొదలుపెట్టింది. వేళ్ళకి దొరకడం లేదు. తన్మయే పెట్టింది.

"చెప్పమ్మా. ఎందుకు?"

"వచ్చేనెల మంత్రిగారొచ్చి ఆ యంత్రాన్ని అన్ని జిల్లాలకీ ఇస్తామని ప్రకటించబోతున్నారా? పేపర్లో నీ ఫొటో పక్కన నా ఫొటో కూడా వేశారా, మారుమనిషి మాట విన్న మొదటి మహిళ అని? తొమ్మిదేళ్ళు నువ్వు తిండీ తిప్పలూ మానుకుని కట్టుకున్నదాన్ని నా నోటితో నేనే తప్పని ఎలా అనను? అందరికీ నిజమై, నా ఒక్కదానికే లెక్క తప్పింది కాబోలు అనుకున్నాను. వందలో ఒకళ్ళకి తప్పదా? ఆ ఒక్కదాన్నీ నేనైతే ఏం పోయింది?"

"నువ్వు ఒక్కదానివే అనుకున్నావా?"

"మరి? అందరూ బాగున్నామనే చెబుతున్నారని నువ్వే కదే, రోజూ భోజనాల దగ్గర చెప్పావు."

తన్మయి మంచంమీద కూలబడింది. తెరమీద సున్నాలు చూసి సంబరపడిన రోజులన్నీ గుర్తొచ్చాయి. ఆ సున్నాల వెనక ఎందరు ఇలా తలుపులేసుకుని, ఒంటరిగా, నా ఒక్కదానికే తప్పింది కాబోలు అనుకుంటున్నారో!

"ఏడవకే" అంది హైమ, పక్కన కూర్చుని. "నేనేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నీకు చెడ్డపేరు రాకుండా రాజమండ్రిలో చూపించుకుందామనుకున్నాను. రేపు పొద్దున్న బండికి టికెట్టు కూడా తీశాను. ఆస్పత్రిలో నా పేరు చెబితే ఎవరో ఒకరు పేపర్లో చూసిన పేరని గుర్తుపడతారని, వేరే పేరుతో రాయించాను."

"ఏం పేరు?"

హైమ కొంగు చివర వేలికి చుట్టుకుంది. జవాబు చెప్పడానికి సిగ్గుపడింది.

"ఫోన్లో ఆ అమ్మాయి ఉన్నట్టుండి పేరేంటండీ అని అడిగేసింది. ఇంకే పేరూ తోచలేదే. నీ పేరే చెప్పేశాను."